పయోం రెండో విద్య

పయోం కుడి కాలు విరిగిన రోజున మా శిబిరంలో అందరూ డాక్టర్లైపోయారు. ఎముక అతుక్కుంటుందని ఒకడు, అతుక్కున్నా తన్నడానికి పనికిరాదని ఇంకొకడు, తన బావమరిదికి ఇంతకన్నా ఘోరంగా విరిగితే ఏడాది తిరక్కుండా రింగులోకి దిగాడని వేరొకడు. నేను మాత్రం నోరు మూసుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఈ యసోతోన్‌లో కుర్రాళ్ళకి ముయ్ థాయ్, అదే తన్నులూ గుద్దులూ కలిసిన మా పోటీ విద్య, నేర్పిస్తూ బతుకుతున్నవాణ్ణి. బలంగా తన్నిన కాలు ఎదుటివాడి మోకాలికి తగిలి విరిగితే ఆ చప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ చప్పుడు ఒకసారి విన్నవాడు ఎముక అతుకుతుందా లేదా అని అడగడు. మళ్ళీ మనస్ఫూర్తిగా తన్నగలడా అని అడుగుతాడు.

తొమ్మిది నెలలకి ఎముక అతుక్కుంది. తన్నమంటే మాత్రం కాలు సగం దూరం వెళ్ళి ఆగిపోయేది. వాడు పళ్ళు బిగించి మళ్ళీ లేపేవాడు, అది మళ్ళీ ఆగేది.

ముయ్ థాయ్‌లో చేతికి విలువ తక్కువ. మొహం మీద నాలుగు గుద్దులు గుద్దినా, పక్కటెముకల మీద పడ్డ ఒక్క తన్నుకి సరిరావు. న్యాయనిర్ణేతలు అలాగే చూస్తారు, పందేలు కాసేవాళ్ళు అలాగే చూస్తారు, టీవీ ముందు కూర్చుని జిగురన్నం ముద్దలు చేసుకునే మా ఊరి ఆడవాళ్ళూ అలాగే చూస్తారు. కాలు పోయిన ముయ్ థాయ్ వాడంటే గొంతు పోయిన పాటగాడే. పయోం ఎనిమిదో ఏట మా దగ్గరికొచ్చాడు. నూట ముప్పై పోటీలు ఆడాడు. ఇరవై ఐదేళ్ళకే వాడి కథ అయిపోయిందన్నారు. ఇంకో పని ఏదీ రాదు. మా వైపు మగవాడికి దొరికేది చెరకు కోత ఒక్కటే, దానికి పొద్దుణ్ణించి సాయంత్రం దాకా కాళ్ళ మీద నిలబడాలి.

శిబిరం యజమానురాలు అనోంగ్. మొగుడు పోయాక అంతా ఆవిడే చూసుకుంటోంది. ఒకరోజు రేకుల కింద రోట్లో పచ్చి బొప్పాయి దంచుతూ, రోకలి ఆపకుండానే పంచాయితీ పెట్టింది.

"చేతులు బతికే ఉన్నాయి కదా వాడికి. చేతుల్తో కొట్టే విద్య ఏదన్నా చూసి నేర్పించండి. లోకమంతా కాళ్ళతోనే కొట్టుకుంటోందా ఏంటి?"

అడిగిందే తడవు, అందరూ నోళ్ళు తెరిచారు. పట్నంలో ఒక జపానాయన కరాటే చెబుతున్నాడని, కుర్రాళ్ళు తన్నడానికి ప్యాడ్లు పట్టే ఫన్ అనే అతను చెప్పాడు.

"కరాటేలో గాల్ని గుద్దుతారు కదరా," అంది అనోంగ్.

"మొదట గాలి అక్కా. తర్వాత పెంకులు పగలగొడతారు."

"పెంకులా? మా ఇంటికప్పు మీద చాలానే పగిలి ఉన్నాయి. వాడేం కొత్తగా పగలగొట్టక్కర్లేదు."

పక్క జిల్లా ఉబోన్ దగ్గర ఒక ముసలాయన చేతులకి తాడు చుట్టుకుని కొట్టుకునే పాత విద్య చెబుతాడని ఇంకెవరో అన్నారు. ఆ విద్యకి ఇప్పుడు పోటీలెక్కడున్నాయి, దేవుడి ఉత్సవాల్లో చూపించుకోవడానికి తప్ప. చివరికి అందరూ నా వైపు చూశారు. నేను బాక్సింగ్ అన్నాను.

కారణం ఉంది. సైన్యంలో, పోలీసుల్లో బాక్సింగ్ జట్లుంటాయి. జట్టులో చోటు దొరికితే కొలువు దొరికినట్టే. యూనిఫారం, నెల జీతం, ముసలితనంలో పింఛను. పైగా అక్కడ తన్నులు నిషేధం. పయోంకి రాని పని అక్కడ ఎవరికీ వద్దు. ఇరవై ఏడు నిండేలోపు ఎంపిక కావాలన్నది ఒక్కటే షరతు. వాడికి రెండేళ్ళు కూడా లేవు.

"నువ్వేమంటావురా?" అని అడిగాను.

"మీరు ఏది నేర్చుకోమంటే అది, గురువుగారూ," అన్నాడు. ఎనిమిదో ఏట కూడా ఇదే మాట అన్నాడు. ఒక్కసారైనా నాకు ఎదురుచెప్పి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

పట్నంలో బాక్సింగ్ చెప్పేది సార్జెంట్ వినై. రిటైరైన మనిషి, ముక్కు ఎటు తిరిగి ఉందో చెప్పడం కష్టం, నోరు మాత్రం ఎప్పుడూ తిన్నగా మనుషుల మీదికే వస్తుంది. మొదటి రోజు పయోం రింగులో నిలబడ్డ తీరు చూసి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏం బాబూ, కొంగలా నిలబడ్డావేంటి?"

"ముందు కాలు తేలిగ్గా ఉంచాలి సార్. ఎవరైనా తంతే ఎత్తి కాచుకోవాలి కదా."

"ఇక్కడెవడూ తన్నడు. ఆ కాలు నేల మీద ఆన్చు. నేల అద్దె అడగదులే."

నేను పక్కన నిలబడి నవ్వాను. వినై నా వైపు తిరిగాడు. "మీరేం నవ్వకండి పెద్దాయనా. ఈ కొంగ కాలు నేర్పించింది మీరేగా."

అక్కణ్ణించి పద్నాలుగు నెలలు. పొద్దున్నే మొదటి బస్సెక్కి ఇద్దరం వెళ్ళేవాళ్ళం. నేనెందుకు వెళ్ళానంటే, ఇంట్లో కూర్చోలేక. నాకు తెలియని విద్య నా కుర్రాడు నేర్చుకుంటుంటే దూరంగా ఉండటం నా వల్ల కాలేదు. కొంత అసూయ కూడా ఉంది, దాచడం దేనికి. వినై వాడి రెండు చీలమండల మధ్య మూరెడు తాడు కట్టి అడుగులేయించేవాడు. గడ్డం కింద టెన్నిస్ బంతి పెట్టి, అది కిందపడకుండా గుద్దమనేవాడు. మేం నిటారుగా నిలబడటం నేర్పిస్తే ఆయన వంగమన్నాడు. మేం చేతులు ఎత్తుగా, దూరంగా పెట్టమంటే ఆయన దవడలకి అతికించమన్నాడు. పదిహేడేళ్ళ అలవాటుని ఒక్కొక్క కుట్టూ విప్పి మళ్ళీ కుట్టాడు.

అన్నిటికన్నా కష్టమైంది కాళ్ళూ కాదు, చేతులూ కాదు. మా మర్యాదలు.

ముయ్ థాయ్‌లో ఐదు రౌండ్లు. మొదటి రెండింటిలో ఒకరినొకరు రుచి చూసుకుంటారు, అంతే. వాటిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అసలు పోరు మూడు, నాలుగులో. నాలుగు ముగిసేసరికి ఎవరిది పైచేయో అందరికీ తెలిసిపోతుంది. అప్పుడు ఐదో రౌండులో గెలుస్తున్నవాడు వెనక్కి తగ్గుతాడు. చేతులు దించి, చిన్నగా అడుగులేస్తూ దూరంగా ఉంటాడు. నా పని అయిపోయింది, నిన్నింక బాధపెట్టను అని చెప్పడం అది. ఓడినవాడు కూడా దాన్ని ఒప్పుకుంటాడు. అప్పటికే ఓడినవాణ్ణి వెంటపడి కొట్టేవాడు మా వాళ్ళ దృష్టిలో ఆకలిముండాకొడుకు. మూలలో కూర్చున్న గురువు అరచెయ్యి కిందికి చూపించి రెండుసార్లు ఊపితే చాలు, కుర్రాడు తగ్గుతాడు. ఆ సైగ నేను ఎన్ని వందలసార్లు చేశానో నాకే తెలియదు.

పయోం బాక్సింగ్ కూడా అలాగే ఆడేవాడు. మొదటి రౌండులో మెల్లగా, చివరి రౌండులో మర్యాదగా. వినైకి ఒళ్ళు మండిపోయేది.

"మొదటి రౌండులో పలకరింపులు, మూడో రౌండులో వీడ్కోళ్ళు. పెళ్ళికొచ్చావా నువ్వు?" అని ఒకరోజు చెప్పు తీసి విసిరాడు. అది నాకు తగిలింది. "చెవులొగ్గి వినండి ఇద్దరూ. ఇక్కడ మూడే రౌండ్లు. ప్రతి రౌండూ ఒక వేరే పోటీ. ముందు రౌండులో వాడి పళ్ళు రాలగొట్టినా దానికి ఆ రౌండే నీది. తర్వాతి రౌండు మళ్ళీ మొదటి నుంచి. రెండు రౌండ్లు ఎవడివైతే వాడే గెలిచినట్టు. అర్థమైందా?"

"అయింది సార్," అన్నాడు పయోం.

"మీకు పెద్దాయనా?"

"నాకేంటయ్యా, గుద్దులు తినేది వాడు కదా," అన్నాను. చెప్పు ఆయనకిచ్చేశాను.

వాడికి నిజంగానే అర్థమైంది. ఏడాది తిరిగేసరికి గంట మోగగానే మీదపడటం, మళ్ళీ గంట మోగేదాకా వదలకపోవడం నేర్చుకున్నాడు. ఎడమ చెయ్యి వంపు తిప్పి కాలేయం మీద కొట్టేవాడు. ఆ దెబ్బ పడితే ప్యాడ్ పట్టుకున్న వినై కూడా ఒక అడుగు వెనక్కి వేసేవాడు. ముయ్ థాయ్‌లో వాడు నూట ముప్పై పోటీలు ఆడాడు, ఎప్పుడూ గొప్పవాడు కాలేదు. ఈ చేతులు ఇన్నాళ్ళూ వాడి దగ్గరే ఉన్నాయి, నాకు కనిపించలేదు. నా కళ్ళెప్పుడూ వాడి కాళ్ళ మీదే ఉండేవి. ఆ సంగతి తెలిసిన రోజున బస్సులో ఇంటికొస్తూ వాడి మొహం చూడలేకపోయాను.

ఎంపిక ఉబోన్‌లో, ఒక బడి ఆటలహాల్లో. వాడి బరువులో ఒకే చోటు ఖాళీగా ఉంది. ఆఖరి పోటీలో మిగిలింది ఇద్దరు, పయోం, క్రిట్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రాడు. ఆ కుర్రాడు చిన్నప్పట్నించీ బాక్సింగే నేర్చుకున్నాడు, ఇవాళ పోతే వచ్చే ఏడు రావచ్చు. మావాడికి వచ్చే నెలలో ఇరవై ఏడు నిండుతాయి. వినై ఎంపిక పనుల్లో ఉన్నాడు కాబట్టి ఎవరి మూలలోనూ కూర్చోకూడదన్నారు. మూలలో నేనే కూర్చోవాలి.

"ఏం చెయ్యకండి," అన్నాడు వినై తలుపు దగ్గర నన్నాపి. "వాడికి అన్నీ తెలుసు. నీళ్ళివ్వండి, మొహం తుడవండి. నోరు మూసుకుని కుర్చీలో కూర్చోండి. రౌండు నడుస్తుండగా మూలలోంచి అరవకూడదు ఇక్కడ, గుర్తుంది కదా."

"నలభై ఏళ్ళ నుంచి మూలల్లో కూర్చుంటున్నానయ్యా."

"అదే నా భయం," అన్నాడు.

పోటీకి ముందు పయోం నన్ను బట్టలు మార్చుకునే గదికి పిలిచాడు. సంచీలోంచి మోంగ్‌కోన్ తీశాడు. అది గురువు శిష్యుడి తలకి పెట్టే, తాడుతో పేనిన పట్టీ. ముయ్ థాయ్ పోటీ మొదలయ్యే ముందు గురువే దాన్ని తీయాలి. బాక్సింగ్‌లో అదేం ఉండదు.

"ఇక్కడే పెట్టి తీసెయ్యండి గురువుగారూ. ఎవరూ చూడరు," అన్నాడు మోకాళ్ళ మీద కూర్చుంటూ.

పెట్టాను. వాడి తల మీద ఊదాను, తీశాను. వాడు నా పాదాలకి మొక్కి లేచాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడు చూడలేదులే.

డప్పులు లేవు, సన్నాయి లేదు. ముయ్ థాయ్ పోటీలో ఆగకుండా మోగే ఆ వాద్యాలు లేకుండా నేనెప్పుడూ రింగు పక్కన కూర్చోలేదు. ఒట్టి గంట మోగింది. పయోం గంటతో పాటే ముందుకెళ్ళాడు, వినై నేర్పినట్టే. కానీ క్రిట్ చేతులు మరీ వేగం. ఒకటి తగిలించి, మావాడు తిరిగేలోపు పక్కకి జరిగిపోయేవాడు. మొదటి రౌండు ఆ కుర్రాడిదే, అది నాకూ తెలిసింది.

రెండో రౌండులో పయోం వాణ్ణి తాళ్ళ దగ్గరికి తోలాడు. ఎడమ చెయ్యి వంపు తిరిగి కాలేయం మీద పడింది. క్రిట్ ఒక మోకాలు మీద కూలబడ్డాడు. రెఫరీ ఎనిమిది దాకా లెక్కపెట్టాడు. లేచాక కూడా ఆ కుర్రాడి మొహంలో రంగు లేదు. హాల్లో జనం లేచి నిలబడ్డారు. గంట మోగాక పయోం వచ్చి స్టూలు మీద కూర్చుని నా కళ్ళలోకి చూశాడు. పద్దెనిమిదేళ్ళలో వాడి మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

"ఇంకొక్క రౌండేరా," అన్నాను నీళ్ళు పడుతూ. "ఇలాగే కొట్టు."

మూడో రౌండు మొదలైంది. అర నిమిషంలోనే పయోం మళ్ళీ అదే దెబ్బ కొట్టాడు. క్రిట్ వంగిపోయాడు, కాళ్ళు ఒకదానికొకటి తగులుకున్నాయి, తాళ్ళు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. తను ఓడిపోయానని తెలిసినవాడి ఆ మొహం నాకు బాగా తెలుసు. కొన్ని వందల మొహాల మీద చూశాను. పయోం ముందుకు అడుగేసి, చెయ్యి ఎత్తి, ఎప్పటిలాగే ఒక్కసారి నా మూల వైపు చూశాడు.

నా చెయ్యి పైకి లేచింది. అరచెయ్యి కిందికి తిరిగింది. రెండుసార్లు ఊగింది.

నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే వినై మాటలు గుర్తొచ్చేవి. పయోం పద్నాలుగు నెలలు కష్టపడి ఆ మర్యాదలు మరిచిపోయాడు, పక్కన కూర్చుని చూసిన నేను మరిచిపోలేదు. అరవనివ్వరని నోరు మూసుకున్నాను. చేతిని మూసుకోవాలని తోచలేదు.

పయోం ఒక్క క్షణం తటపటాయించాడు. అది నేను చూశాను. ఇలా కాదు కదా అన్నట్టు వాడి కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత, ఎనిమిదో ఏటినుంచి ఎలా చేశాడో అలాగే, నా మాట విన్నాడు. చేతులు దించాడు. చిన్నగా అడుగులేస్తూ వెనక్కి తగ్గాడు.

క్రిట్‌కి ఊపిరి అందేదాకా వాడు ఆగాడు. ఊపిరి అందాక ఆ కుర్రాడు వచ్చాడు. వాడికి మా మర్యాదలేం తెలుసు. ఒకటి తగిలించి జరిగాడు, రెండు తగిలించి జరిగాడు. నాకు తెలివొచ్చేసరికి నిమిషం గడిచిపోయింది. కుర్చీలోంచి లేచి "కొట్టరా, కొట్టు" అని అరిచాను. రెఫరీ పోటీ ఆపి, నా వైపు వేలు చూపించి హెచ్చరించాడు. ఆ గొడవలో ఇంకొన్ని క్షణాలు పోయాయి. పయోం మళ్ళీ మొదలుపెట్టాడు గానీ కాళ్ళు అప్పటికే ఆ చివరి రౌండు నడకలో పడిపోయాయి. గంట మోగింది.

ముగ్గురు న్యాయనిర్ణేతలు ఆ కుర్రాడి వైపు, ఇద్దరు మావాడి వైపు. ఒక్క నిమిషం ఆడి ఉంటే ఐదుగురూ మావాడి వైపే ఉండేవారు.

పయోం క్రిట్ గురువుకి వంగి నమస్కారం చేశాడు, వాళ్ళిచ్చిన నీళ్ళు తాగాడు, వచ్చాడు. మెట్ల దగ్గర వినై కాచుకుని ఉన్నాడు. ఆయన మొహం నల్లబడిపోయింది.

"ఎవరు ఆపమన్నారు నిన్ను?"

నేను వాడి పక్కనే ఉన్నాను. నోట్లో మాట సిద్ధంగానే ఉంది.

"ఎవరూ అనలేదు సార్," అన్నాడు పయోం. "నాకే ఊపిరి అందలేదు."

"ఊపిరి అందలేదా? నీకా?" వినై వాణ్ణి చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "సరేలే," అని వెళ్ళిపోయాడు. ఈ ముసలి నోటితో ఎంతమందిని తిట్టానో లెక్కలేదు, ఆ ఒక్క మాట చెప్పడానికి మాత్రం అది రాలేదు. సిగ్గుగా ఉంది.

తిరుగు బస్సులో వాడు అరిటాకు పొట్లం విప్పి జిగురన్నం, కాల్చిన కోడిముక్క నా చేతిలో పెట్టాడు.

"తినండి గురువుగారూ. పొద్దుణ్ణించి ఏం తినలేదు మీరు."

"పయోం, ఆ చెయ్యి..."

"తొడ ముక్క మీకిష్టం కదా," అన్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మళ్ళీ ఆ సంగతి ఎత్తనివ్వలేదు.

పై నెలలో వాడికి ఇరవై ఏడు నిండాయి. చెరకు కోతలు మొదలయ్యాయి. వాడూ లారీ ఎక్కాడు. మొదటి రోజు గడిచింది. రెండో రోజు సాయంత్రానికి కాలు అరటిబోదెలా వాచింది. మూడో రోజు మేస్త్రీ వాడి నడక చూసి లారీ ఎక్కనివ్వలేదు. ముయ్ థాయ్ మేనేజర్లకి కాలు లేనివాడు వద్దు, బాక్సింగ్ జట్టుకి వయసు దాటినవాడు వద్దు. అనోంగ్ వాణ్ణి శిబిరంలోనే ఉండి ఊడుస్తూ ఉండమంది. ఇంకెన్నాళ్ళు పెడుతుంది, ఆవిడ మాత్రం.

నాలుగో రోజు పొద్దున నేను గుద్దే సంచులు వేలాడదీస్తుంటే వచ్చాడు. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పిడికిళ్ళకి చుట్టుకునే గుడ్డ చుట్ట నా ఒళ్ళో పెట్టి, రెండు చేతులూ వేళ్ళు విప్పి ముందుకు చాపాడు. ఎనిమిదేళ్ళప్పుడు మొదటిసారి ఇలాగే చాపాడు.

"ఆ జపానాయన ఇంకా చెబుతున్నాడంట కదా, కరాటే," అన్నాడు. "నన్ను ఏది నేర్చుకోమంటారు గురువుగారూ?"

దేనికీ వయసు మిగల్లేదు, ఏ విద్యా వాడికింక అన్నం పెట్టదు. అది తెలిసే అడుగుతున్నాడో తెలియక అడుగుతున్నాడో నాకు అర్థం కాలేదు. ఆ సైగ చెయ్యడం నా తప్పేనని వాడితో అప్పుడన్నా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. బొటనవేలికి గుడ్డ ఉచ్చు తగిలించి, మణికట్టు చుట్టూ మూడు చుట్లు తిప్పి, వేళ్ళ సందుల్లోంచి లాగి చుట్టడం మొదలుపెట్టాను. కుడి చెయ్యి అయింది, ఎడమ చెయ్యి అయింది. ముడి వేశాను.

వాడు పిడికిళ్ళు రెండూ బిగించి, వదిలి, మళ్ళీ బిగించి చూసుకున్నాడు.

"సరిగ్గా కుదిరింది," అన్నాడు. ఎటు వెళ్ళమంటానో అని నా మొహం చూస్తూ అక్కడే కూర్చున్నాడు.